నేను వెలిగించిన రాకెట్టు

మన కాలేజీ వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "పటాకల చట్టాల గురించి రాస్తాను" అన్నాను. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "దీపావళి ఎప్పుడో అయిపోయింది గదా?" అన్నారొకరు. "అది లా చదివేవాళ్లు రాయాల్సింది, నీకెందుకు?" అన్నారు మరొకరు. నిజమే. నేను బి.యస్సీ. ఫైనలియర్ కెమిస్ట్రీ విద్యార్థిని. వకీలును కాను, కవిని అసలే కాను. అయినా ఈ విషయం నాకెందుకు పట్టుకుందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది బోధన్ దగ్గర ఒక పల్లె. నిజాంసాగర్ కాలువ నీళ్లతో చెరకు పండించిన వూరు. 1931లో ఆ ప్రాజెక్టు పూర్తయింది, 1930ల చివరిలో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మా తాత బండ్ల మీద, మా బాపు ట్రాక్టరు మీద చెరకు తోలింది ఆ ఫ్యాక్టరీకే. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేనాటికి నాకు పదేళ్లు. మా వూళ్లో చెరకు మళ్లన్నీ ఒక్కొక్కటిగా వరి మళ్లయిపోయాయి. మా బాపు, మా కాక మాత్రం చెరో రెండెకరాల చెరకు వదలలేదు. కామారెడ్డి వైపు మిల్లుకు తోలినా సరే, చెరకు చెరకే అంటారు.

చెరకు వేసిన రైతుకు ఇద్దరు శత్రువులు. ఒకటి అడవిపంది, రెండు నిప్పు. దీపావళి నాటికి చెరకు నిలువెత్తు దాటి వుంటుంది. కింది ఆకులన్నీ ఎండి వేలాడుతుంటాయి. వాటికి నిప్పు తగిలితే కిరసనాయిలు పోసినట్టే. అడవిపందులను బెదరగొట్టడానికి మా కాక ఒక ముసలాయన్ను కావలి పెట్టుకున్నాడు. వూరంతా ఆయన్ను తాత అనే పిలిచేది. మంచె మీద పడుకుని, పందుల అలికిడి వినపడినప్పుడల్లా ఒక లక్ష్మీబాంబు కాల్చేవాడు. పండుగకు మనం సరదాగా కాల్చే పటాక, మా వూళ్లో పంటకు కాపలా కూడా కాస్తుందన్న మాట.

ఇక ఆ రాత్రి సంగతి. 2022 అక్టోబరు 24, సోమవారం, దీపావళి. నాకు పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. పొద్దున్నే అక్క మంగళహారతి ఇచ్చింది, పళ్లెంలో బాపు వేసిన డబ్బులు వేసి, మిగిలిన డబ్బులతో నేను బోధన్ వెళ్లి ఒక దుకాణంలో అర డజను రాకెట్లు కొన్నాను. "నీ వయసెంత?" అని ఎవరూ అడగలేదు. అడుగుతారని నాకూ తెలియదు.

రాత్రి ఇంటి ముందర కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు అన్నీ అయిపోయాయి. పెద్దవాళ్లు పడుకున్నారు. పదిన్నర దాటింది. నా దగ్గర ఒక రాకెట్టు మిగిలింది. నేనూ, ఇద్దరు దోస్తులూ చేను గెట్టు మీదికి వెళ్లాం. అమావాస్య చీకట్లో ఆకాశంలో బాగా కనపడుతుందని మా ఆశ. ఖాళీ సీసాలో పుల్ల నిలబెట్టి ఒత్తి ముట్టించాను. గెట్టు మీద మట్టి మెత్తగా వుంది. ఒత్తి సగం కాలగానే సీసా ఒరిగింది. రాకెట్టు పైకి పోలేదు. నేలకు మూరెడెత్తున, పాము పోయినట్టు, సరాసరి కాక చెరకులోకి దూరింది. ఒక చిన్న టప్పుమన్న శబ్దం. తరువాత ఏమీ లేదు. "ఆరిపోయింది తియ్" అనుకుని ఇంటికి వచ్చి పడుకున్నాం.

పావుగంట తరువాత బయట కేకలు. లేచి చూస్తే దక్షిణం వైపు ఆకాశం ఎర్రగా వుంది. మోటార్లు పెట్టారు, మందు కొట్టే స్ప్రేయరు డబ్బాలతో నీళ్లు కొట్టారు, పచ్చి కొమ్మలతో బాదారు. చివరికి మా బాపు ట్రాక్టరు తెచ్చి నాలుగు సాళ్లు పడగొట్టి అడ్డం తీస్తే అక్కడికి ఆగింది. నేను కూడా కొమ్మ పట్టుకుని కొట్టాను. నా ముఖం మసిబారింది కాబట్టి, నా ముఖంలో ఏముందో ఎవరికీ కనపడలేదు.

ముప్పై గుంటలు కాలింది. కాలిన చెరకును వెంటనే నరికి గానుగాడాలి, లేకపోతే అందులోని సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారిపోతుంది. పంచదార గట్టకట్టదు, బరువూ తగ్గుతుంది. ఆ సంగతి నేను ఇప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నాను. మా కాక ఆ ఏడు చేలో చూసి తెలుసుకున్నాడు. మిల్లు ఇంకా క్రషింగు మొదలుపెట్టలేదు. బెల్లం వండేవాళ్లకు వచ్చిన ధరకు ఇచ్చేశాడు. ఆ సీజనుకు కేంద్రం కట్టిన ధర క్వింటాలుకు 305 రూపాయలు. ఆ లెక్కన డెబ్బై వేల పైమాట రావలసిన చోట కాకకు సగం కూడా రాలేదు.

మర్నాడు సూర్యగ్రహణం. నిప్పు గ్రహణం వల్లనే వచ్చిందని కొందరన్నారు. కరెంటు తీగలు తాకాయని కొందరన్నారు. చివరికి మాట తాత మీద నిలిచింది. పటాకలు కాల్చేది ఆయనే గదా! "నేను కాల్చలే పటేలా, మంచె మీద నిద్ర పట్టింది" అన్నాడు తాత. అది నిజం. కాని ఆ నిజమే ఆయన కొంప ముంచింది. కాల్చి వుంటే చెరకు కాల్చిన నేరం, కాల్చకుండా నిద్రపోతే కావలి కాయని నేరం. కాక ఆయన్ను పొమ్మన్నాడు. తాత తన గొంగడి మడతపెట్టుకుని, బాన్సువాడ వైపు బిడ్డ ఇంటికి వెళ్లిపోయాడు. బస్సెక్కేటప్పుడు నేను చూశాను. నోరు విప్పలేదు.

ఇదీ నా కథలో మొదటి సగం. మిత్రులారా, రెండో సగంలోనే చట్టం వస్తుంది.

2024 దీపావళికి మా మేనమామ మరొకరితో కలిసి నిజామాబాద్‌లో పటాకల తాత్కాలిక దుకాణం పెట్టాడు. ఆరు రోజులు నేను సాయంగా కూచున్నాను. అప్పటిదాకా చట్టమంటే పోలీసాయన లాఠీ అనుకునేవాణ్ణి. ఆ దుకాణంలో కూచున్నాక తెలిసింది, చట్టమంటే టేపు కూడా అని. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం, పండుగ దుకాణం మంటలంటుకోని రేకులతో కట్టాలి. ఒక షెడ్డుకూ ఇంకో షెడ్డుకూ నడుమ కనీసం 3 మీటర్లు వుండాలి. ఇళ్లకూ బడులకూ ఆసుపత్రులకూ 50 మీటర్ల దూరంలో వుండాలి. షెడ్లు ఎదురెదురుగా వుండకూడదు. నూనె దీపాలు, గ్యాసు దీపాలు పనికిరావు. కరెంటు బల్బులు గోడకో కప్పుకో బిగించాలి, వేలాడకూడదు. ఒక వరుసకు ఒక మెయిన్ స్విచ్చి. ఒకచోట 50 దుకాణాలకు మించకూడదు. దుకాణాల దగ్గర 50 మీటర్లలోపు ఎవరూ పటాకలు కాల్చి చూపించకూడదు. 2016లో నిజామాబాద్‌కు పోలీసు కమిషనరేట్ వచ్చింది కనుక, ఇక్కడ లైసెన్సు కోసం కమిషనరు కార్యాలయానికే పోవాలి. అగ్నిమాపక శాఖ వాళ్లూ చూసిపోతారు.

మొదట ఇదంతా చాదస్తమనిపించింది. ఆ పండుగకు నాలుగు రోజుల ముందు, అక్టోబరు 27 రాత్రి, హైదరాబాద్ బొగ్గులకుంటలో ఒక పటాకల దుకాణం తగలబడింది. జనం ఒకరి మీద ఒకరు పడి పరుగెత్తడం ఫోన్లలో అందరం చూశాం. పండుగ రోజు ఏలూరులో ఉల్లిపాయ బాంబులు స్కూటరు మీద తీసుకుపోతుంటే పేలి మనిషి చనిపోయాడు. ఎదురెదురుగా దుకాణాలెందుకు వుండకూడదో, పటాకలు ఎట్లా పడితే అట్లా ఎందుకు తీసుకుపోకూడదో ఆ వారంలో నాకు పాఠం లాగా అర్థమైంది. చట్టంలో ప్రతి అంకె వెనుకా ఎవరిదో ఒకరి నష్టం వుంటుంది.

అప్పుడే ఒక రోజు సాయంత్రం పన్నెండేళ్ల పోరడొకడు వచ్చి వంద నోటు చాచి "అన్నా, రాకెట్లియ్" అన్నాడు. మా మామ "పోరడే గదరా, ఇయ్యి" అన్నాడు. నా చెయ్యి లేవలేదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇప్పటికీ అమలులో వుంది. దాని లెక్కలో పటాకలు కూడా పేలుడు పదార్థాలే. పద్దెనిమిదేళ్లు నిండని వారికి వాటిని అమ్మకూడదని అందులో రాసి వుంది. "మీ బాపుని తోల్కరా తమ్మీ" అన్నాను. వాడు నన్నొక చూపు చూసి, పక్క దుకాణానికి పోయి కొనుక్కున్నాడు. మూడు మీటర్ల దూరం నిప్పును ఆపుతుందేమో గాని, పిల్లవాణ్ణి ఆపలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పోరడిలో నన్ను నేనే చూసుకున్నాను. ఆ తరువాత ఈ చట్టాలు దొరికినన్ని చదివాను.

చదివితే ఒక సంగతి తేలింది. వీటిని ఎవరూ ఒక్క రోజున కూచుని రాయలేదు. 1884 నాటి చట్టం బ్రిటిష్ ఇండియాది. అప్పుడు మన ప్రాంతం నిజాం పాలనలో వుంది. 1999లో శబ్దానికి కొలత పెట్టారు. పటాక పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్సు దాటకూడదు. లడీ అయితే, అందులోని ఒక్కొక్క పటాకకు ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. ఎంతంటే, పటాకల సంఖ్య లాగరిథమ్‌ను అయిదుతో హెచ్చించినంత. వందకు లాగరిథమ్ రెండు, అంటే పది డెసిబెల్సు తగ్గుతాయి. ఇంటర్‌లో లాగరిథమ్‌లు ఎందుకు చదవాలిరా దేవుడా అని తిట్టుకున్న వాళ్లం మనలో చాలామందిమి వున్నాం. ఇదిగో, చట్టంలో కూడా వుంది!

2005 జులై 18న సుప్రీంకోర్టు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేసే పటాకలు కాల్చరాదన్నది. నిద్ర మనిషి హక్కు అన్న మాట. 2015లో ఢిల్లీలో ముగ్గురు పసిపిల్లల పేరిట వాళ్ల తండ్రులు మళ్లీ కోర్టుకు వెళ్లారు. మాట్లాడటం కూడా రాని పిల్లలు, గాలి కోసం. ఆ కేసులోనే 2018 అక్టోబరు 23న తీర్పు వచ్చింది. తక్కువ పొగ వచ్చే పటాకలే అమ్మాలి. లడీలు వద్దు. పచ్చరంగు మంటనిచ్చే బేరియం లవణాలు వద్దు. ఆన్‌లైనులో అమ్మవద్దు. దీపావళి నాడు రాత్రి ఎనిమిది నుంచి పది దాకా రెండు గంటలే. వారం తరువాత, తెల్లవారుజామున పటాకలు కాల్చే ఆచారం వున్న తమిళనాడుకు అదే రెండు గంటలను వేరే వేళల్లో పంచుకోవచ్చని సడలించారు. చట్టం ఆచారాన్ని వినదని అనేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మన రాష్ట్రం సంగతీ వుంది. కరోనా ఏడు, 2020 నవంబరు 12న తెలంగాణ హైకోర్టు పటాకలు పూర్తిగా ఆపమన్నది. పండుగ ఇంకా రెండు రోజులే. అప్పటికే సరుకు కొని పెట్టుకున్న వర్తకులు సుప్రీంకోర్టుకు పోయారు. మర్నాడే ఆ ఆజ్ఞను మార్చారు. గాలి మరీ పాడుకాని చోట గ్రీన్ పటాకలు రెండు గంటలు కాల్చుకోవచ్చన్నారు. ఒక పక్క వూపిరితిత్తులు, ఒక పక్క అప్పు తెచ్చి దుకాణం పెట్టిన మా మామలాంటి వాళ్లు. ఎవరి బాధా అబద్ధం కాదు.

బయటి దేశాల్లో కూడా ఈ తగవు తెగలేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మామూలు మనిషి కాకరపువ్వొత్తి కూడా కొనరాదు. సరిహద్దు దాటి న్యూహాంప్‌షైర్ పోతే దుకాణాలే దుకాణాలు. ఇంగ్లండులో రాత్రి పదకొండు తరువాత పటాకలు నిషేధం, కాని దీపావళి రాత్రి ఒంటిగంట దాకా మినహాయింపు వుంది. మన పండుగకు వాళ్ల చట్టంలో చోటుంది.

ఇవన్నీ చదివి నా సొంత కేసు నేనే విచారించుకున్నాను. పద్దెనిమిదేళ్లు నిండలేదు, ఒకటి. రాత్రి పది దాటింది, రెండు. పక్కన ఎండాకు వున్న చేను పెట్టుకుని, నిలబడని సీసాలో రాకెట్టు పెట్టాను, మూడు. పేలుడు పదార్థాలతో అజాగ్రత్తగా వుండి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే 2024 జులై నుంచి అమలులోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 288వ సెక్షను వుంది. అంతకుముందు అదే నేరం పాత శిక్షాస్మృతిలో 286. మంచె మీద తాత నిద్రపోతున్నాడు. మంట అటు తిరిగి వుంటే? ఆ ప్రశ్న నన్ను తినేసింది.

నన్ను ఏ పోలీసూ పట్టుకోలేదు. పట్టుకునే వీలు కూడా లేదు. పట్నంలో షెడ్డుకు టేపు పెట్టి కొలిచేవాళ్లుంటారు. పల్లెలో గడ్డివాముకూ రాకెట్టుకూ నడుమ దూరం ఎవరు కొలుస్తారు? వెలిగించేవాడే కొలుచుకోవాలి. అక్కడ వెలిగించేవాడే చట్టం. ఆ రాత్రి ఆ చట్టం నేనే. నేనే తప్పిపోయాను.

ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇంకో ఏడు పట్టింది. 2025 దీపావళి నాడు, అక్టోబరు 20న, హారతులైనాక బాపుతో చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు వూరుకుని, "మూడేండ్లు అన్నమెట్ల తిన్నవ్‌రా?" అన్నాడు. అంతే. ఇద్దరం కాక ఇంటికి పోయాం. కాకకు రావలసిన మిగతా డబ్బులు ఈ చెరకు పైకంలోంచి కట్టిస్తానని బాపు అన్నాడు. కాక డబ్బు మాట ఎత్తనేలేదు. "చెరుకు పోయింది, మల్ల వచ్చింది. ఆ ముసలాయన్ని పొమ్మన్న గదరా నేను" అని తల పట్టుకుని కూచున్నాడు.

ఆ ఆదివారమే బస్సెక్కి తాత దగ్గరికి వెళ్లాను. చూపు కొంచెం తగ్గింది గాని గొంతు అదే. నేను చెప్పిందంతా విన్నాడు.

"ఏం పటాక బిడ్డా అది?"

"రాకెట్టు తాతా."

"గా రాత్రి పందులు రాలే. నా డబ్బల పటాకలు లెక్కకు అట్లనే వున్నయ్. లెక్కపెట్టుకోండ్రి అంటే ఎవ్వలు లెక్కపెట్టలే" అన్నాడు.

నేను కాళ్లు పట్టుకోబోయాను. వద్దన్నాడు. "నేను కాల్చలేదని నాకెరుక బిడ్డా. నాకెందుకు చెప్తవ్? వూరికెరుక లేదు. వూర్ల చెప్పు."

అంతకన్నా పెద్ద తీర్పు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర, క్యాన్లు పట్టుకుని అందరూ వరుసలో నిలబడి వున్న వేళ చెప్పాను. గొంతు వణికింది. ఒకరిద్దరు తిట్టారు. ఒక పెద్దమ్మ ఏడ్చింది. ఎక్కువమంది ఏమీ అనలేదు, తలలు వంచుకున్నారు. తాత మీద వాళ్లందరూ తలా ఒక మాట వేసినవాళ్లే. కాక బాన్సువాడ వైపు పోయి తాతను రమ్మని పిలిచాడు. "ఇగ మంచె ఎక్కలేను పటేలా" అన్నాడట తాత. పండుగకు మాత్రం వస్తానన్నాడు.

మిత్రులారా, పటాకలు కాల్చవద్దని నేను చెప్పను. మా చెల్లెలి చేతిలో కాకరపువ్వొత్తి వెలుగుతుంటే నాకూ సంతోషమే. ఎనిమిదికి మొదలుపెట్టి పదికి ఆపండి. నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకోండి. ఆసుపత్రుల దగ్గర, బడుల దగ్గర వంద మీటర్లలోపు చప్పుడు వద్దని చట్టం వుంది, పాటించండి. పల్లె పిల్లలైతే గడ్డివాము, చెరకు, పశువుల కొట్టం చూసుకోండి. దుకాణంలో కూచుంటే, చిన్నపిల్లవాడు చెయ్యి చాచినప్పుడు మీ చెయ్యి వెనక్కి తీసుకోండి. వాడు పక్క దుకాణానికి పోయినా సరే, మీరు ఇవ్వకండి.

అన్నీ చూసుకున్నా పొరపాటు జరిగితే, ఆ రాత్రే చెప్పండి. మంట ట్రాక్టరుతో ఆగుతుంది. మాట ఆలస్యమైతే దాని కింద మూడేళ్లు ఒక ముసలాయన కాలుతుంటాడు.